తాళం తిప్పితే బండి ఏమంటోంది?

కె.సి. కాలువకు నీళ్లు వదిలారన్న కబురు ఆళ్లగడ్డ వైపు పల్లెలకు చేరిందంటే ఇక ట్రాక్టరుకు తీరిక ఉండదు. నారుకు ఇరవై అయిదు, ముప్పై రోజుల వయసు వచ్చి ఉంటుంది. మడిలో నీళ్లు నిలబెట్టి, కేజ్‌వీల్ తగిలించి దమ్ము చేయాలి. నాట్లకు కూలీలను ముందే మాట్లాడుకొని ఉంటారు. సరిగ్గా ఆ పొద్దున, నెలల తరబడి ఇంటి పక్కన నిలబడిపోయిన బండి ఎక్కి తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు. అంతే.

తర్వాత ఏం జరుగుతుందో చాలా ఇళ్లలో చూసిందే. పదిసార్లు తాళం తిప్పుతారు. పక్క రైతు ట్రాక్టరు పిలిచి, గొలుసు కట్టి లాగుతారు. ఆ పూట గడుస్తుంది. మర్నాడు నంద్యాల పోయి కొత్త బ్యాటరీ తెస్తారు. ఒక్కోసారి దాంతో సరిపోతుంది. ఒక్కోసారి వారం తిరక్కముందే మళ్లీ అదే 'టక్'. ఎందుకంటే చెడింది బ్యాటరీ కాదు, దాని టెర్మినల్ మీద బూజులా పేరుకున్న తెల్లటి పొడి. దానికి కావలసింది చెంబుడు వేన్నీళ్లు, రెండు చెంచాల వంటసోడా.

బండి స్టార్ట్ కాలేదంటే మూగబోయిందని కాదు. తాళం తిప్పగానే అది ఏదో ఒక బదులు చెబుతుంది. అసలు ఉలకదు, పలకదు. లేదంటే 'టక్' మనో 'టకటకటక' మనో ఆగిపోతుంది. అదీ కాదంటే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గాని ఇంజన్ అందుకోదు. ఇవి వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. చప్పుడు వినకుండా సామాను మార్చడం మొదలుపెడితే ఖర్చు ముందు, కారణం వెనక దొరుకుతాయి.

ముందు ఒక చిన్న ప్రశ్న. మొన్నటిదాకా నడిచిన బండి ఇప్పుడే ఎందుకు మొరాయిస్తుంది?

ఈ నేల పనిని బట్టి చూడాలి. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో ట్రాక్టరుకు ఏడాదిలో రెండు రద్దీ కాలాలు. ఒకటి కాలువ కింద వరి నాట్లు. అందులో చాలా భాగం కర్నూలు సోనా పేరుతో అమ్ముడయ్యే బి.పి.టి. 5204 రకమే. రెండోది అక్టోబరు, నవంబరులో శనగ విత్తడం. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ధీర అనే శనగ రకం మొక్క నిటారుగా పెరుగుతుంది, కోత యంత్రానికి అందుతుంది. అంటే కోత కూడా యంత్రం చేతికి పోతోంది. ఆ శనగ ఇల్లు చేరాక కాలువకు నీళ్లొచ్చేదాకా చాలా బండ్లకు పెద్దగా పని ఉండదు. ఆ నెలలే మార్చి, ఏప్రిల్, మే. ఈ ప్రాంతంలో మే ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

బ్యాటరీకి పనికన్నా పడి ఉండడమే ఎక్కువ చేటు. లోపల సీసం పలకలు, వాటి చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం ఉంటాయి. ఎవరూ వాడకపోయినా ఈ రెండూ మెల్లగా చర్య జరుపుతూనే ఉంటాయి. చార్జి తనంతట తానే కారిపోతుంది (స్వీయ విసర్జన). వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ కారడం సుమారు రెట్టింపవుతుంది. చార్జి తగ్గిన పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగిపోతుంది. వారాలు వదిలేస్తే గట్టి పలుకులుగా మారి పలకను కప్పేస్తుంది (సల్ఫేషన్). ఆ తర్వాత ఎంత చార్జి చేసినా పూర్తి బలం రాదు. పైగా ఎండకు లోపలి నీరు ఆవిరై, పలకల పైభాగం తేలుతుంది. తేలినంత మేర పలక చచ్చినట్టే.

ఇప్పుడు ఒక్కో బదులునూ విందాం.

తాళం తిప్పితే అసలు చప్పుడే లేకపోతే చాలామంది అనుమానం నేరుగా బ్యాటరీ మీదికి పోతుంది. హెడ్‌లైటు వేసి చూడండి. లైటు కూడా వెలగకపోతే అనుమానం సరైనదే. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేదా వైరు ఊడింది, లేదా ఫ్యూజు పోయింది. లైటు నిండుగా వెలుగుతూ, తాళం తిప్పినా మసకబారకుండా అలాగే ఉంటే మాత్రం బ్యాటరీలో దమ్ముంది. కరెంటు సెల్ఫ్ దాకా పోవడం లేదు. దారిలో ఎవరో ఆపుతున్నారు.

ఆ ఆపేది చాలాసార్లు భద్రతా స్విచ్చు (సేఫ్టీ స్టార్ట్ స్విచ్చు). ఇది ఎక్కువ ట్రాక్టర్లలో క్లచ్ పెడలు దగ్గర ఉంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కితేనే అది కలుస్తుంది, కలిస్తేనే సెల్ఫ్‌కు కరెంటు పోతుంది. కొన్ని బండ్లలో గేరు న్యూట్రల్‌లో ఉండాలి, పి.టి.ఓ. (వెనక యంత్రాలను తిప్పే ఇరుసు) ఆపి ఉండాలి అనే నిబంధనలు కూడా ఉంటాయి. పోయినేడు దమ్ములో ఎగిరిన రేగడి బురద ఆ స్విచ్చులో చేరి, ఎండాకాలంలో గట్టిపడితే క్లచ్ ఎంత తొక్కినా స్విచ్చు కలవదు. కాబట్టి మొదట చేయాల్సింది ఖర్చు లేని పని. గేరు న్యూట్రల్ చేసి, పి.టి.ఓ. లివరు ఆపి, క్లచ్ చివరిదాకా తొక్కి మళ్లీ తిప్పాలి. అప్పటికీ పలకకపోతే స్విచ్చును శుభ్రం చేసి, దానికి వచ్చే వైర్లు చూడాలి. ఇంటి పక్కన నెలల తరబడి కదలని బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. వైరు మీది ప్లాస్టిక్ వాటికి ఇష్టం.

ఇక్కడ కాస్త ఆగాలి. మన పల్లెల్లో ఈ స్విచ్చు వ్యవహారం చాలా బండ్లలో ఎప్పుడో తేలిపోయింది. రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేశారు. ఇక క్లచ్‌తో పని లేదు. ఇంకొందరు స్క్రూడ్రైవరుతోనో పానాతోనో సెల్ఫ్ మోటారు బోల్టులను నేరుగా తాకించి, నేల మీద నిలబడే స్టార్ట్ చేస్తారు. నిప్పురవ్వ లేస్తుంది, సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకుంటుంది. చూసేవాళ్లకు అది పనితనంలా కనిపిస్తుంది.

దాని వెనక జరిగేది ఇది. సెల్ఫ్ దగ్గర నిలబడ్డారంటే మనిషి ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ ఉన్నట్టే. బండి గేరులో ఉందనుకోండి. డీజిల్ ఇంజన్ అందుకోగానే ట్రాక్టరు కదులుతుంది. పక్కకు తప్పుకోవడానికి సెకను కూడా దొరకదు. పెద్ద చక్రం వెనకే వస్తోంది. బండెక్కి, క్లచ్ తొక్కితే తప్ప స్టార్ట్ కాకూడదని కంపెనీవాళ్లు పట్టుబట్టింది ఈ ఒక్క కారణంతోనే. స్విచ్చు చెడితే కొత్తది వేయించుకోవచ్చు, అది ట్రాక్టరు సామానుల్లో ఖరీదైనదేమీ కాదు. తీసేసి వైర్లు కలపడం మాత్రం నాకు ఏ లెక్కలోనూ లాభంగా కనిపించదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇదే తంటా మరో రూపంలో ఎదురవుతుంది. టెక్సాస్‌లోనో నార్త్ కరోలినాలోనో పెద్ద జాగాలో ఇల్లు కొన్నవాళ్లు గడ్డి కోయడానికి ఒక బుల్లి ట్రాక్టరు లాంటిది కొంటారు. దాని మీద కూర్చుని నడపాలి, కింద కత్తులు తిరుగుతుంటాయి. చలికాలమంతా షెడ్డులో ఉంచి, వసంతంలో తాళం తిప్పితే చప్పుడుండదు. చాలా సందర్భాల్లో యంత్రానికి ఏమీ అయి ఉండదు. సీటు కింద ఒక స్విచ్చు, బ్రేకు పెడలు దగ్గర ఒకటి, కత్తులు తిప్పే లివరు దగ్గర ఒకటి ఉంటాయి. బ్రేకు తొక్కకపోయినా, కత్తుల లివరు ఆపి లేకపోయినా, కొన్ని బండ్లలో మనిషి సీటులో లేకపోయినా అది స్టార్ట్ కాదు. నడుస్తూ తోసే గడ్డికోత యంత్రాలకైతే అక్కడ ఇంకో నిబంధన కూడా ఉంది. 1982 జూన్ 30 తర్వాత తయారైన వాటిలో పిడి వదిలిన 3 సెకన్లలో కత్తి ఆగిపోవాలి. ఎందరి వేళ్లు పోయాక వచ్చిన నిబంధనో ఊహించుకోవచ్చు. "నాయనా, స్టార్ట్ కావడంలే" అని కొడుకు అక్కడి నుంచి ఫోన్ చేస్తే, "బ్రేకు తొక్కితివా?" అని ఆళ్లగడ్డలో ఉన్న తండ్రి అడగవచ్చు. యంత్రం చూడకపోయినా ఆ ప్రశ్న సరైనదే.

ఇక 'టక్' సంగతి. ఇదే అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తినే చప్పుడు, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

ఇంజన్‌ను కదిలించడానికి సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. అంత కరెంటు తాళం స్విచ్చు గుండా పోతే స్విచ్చు కాలిపోతుంది. అందుకని తాళం ఒక చిన్న కరెంటును మాత్రమే పంపుతుంది. అది సెల్ఫ్ మీద కూర్చున్న సోలినాయిడ్ (కరెంటుతో అయస్కాంతమయ్యే తీగచుట్ట) లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ పోయి రెండు రాగి బిళ్లలను కలుపుతుంది. అప్పుడు అసలు కరెంటు పారుతుంది. మనం వినే 'టక్' ఆ కడ్డీ తగిలిన చప్పుడే. అంటే తాళం పనిచేసింది, భద్రతా స్విచ్చు ఒప్పుకుంది, సోలినాయిడ్ లాగింది. ఆగింది ఆ తర్వాతే.

ఇప్పుడు టెర్మినల్ మీది తెల్లపొడికి వద్దాం. అది లోహాన్ని ఆమ్లం తిన్నాక మిగిలిన లవణం. కరెంటుకు చిన్న అడ్డంకి. ఎంత చిన్నదంటే ఓమ్‌లో నూరో వంతు అనుకోండి. హెడ్‌లైటు లాగేది పది ఆంపియర్లయితే ఆ అడ్డంకి దగ్గర పోయేది వోల్టులో పదో వంతు. లైటు నిండుగా వెలుగుతుంది, మనకు అనుమానమే రాదు. సెల్ఫ్ 200 ఆంపియర్లు అడిగినప్పుడు అదే అడ్డంకి 2 వోల్టులు మింగేస్తుంది. లైటు వెలిగింది కాబట్టి లైను బాగుంది అన్న వాదన ఇక్కడే తప్పుతుంది. సన్నటి సందు గుండా ఒక మనిషి నడవగలడు, తిరునాళ్ల జనం నడవలేరు.

కాబట్టి 'టక్' విన్నాక మొదటి పని టెర్మినళ్లు విప్పి కడగడం. ముందుగా మైనస్ (ఎర్తు) వైరు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఈ వరుసకు కారణం ఉంది. ట్రాక్టరు ఇనుమంతా మైనస్‌కు కలిసే ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతూ పానా ఎక్కడైనా బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. చార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది, అది అంటుకుంటే పేలుతుంది. అందుకే దాని పక్కన బీడీ కూడా వద్దు. వంటసోడా కలిపిన వేన్నీళ్లు పోస్తే ఆమ్లం విరిగి నురగ వస్తుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూడాలి. ఆరాక ఇసుక కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వాజలిన్ పూయాలి. మైనస్ వైరు రెండో కొస ఇంజన్‌కో చాసిస్‌కో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టినా ఇదే జబ్బు. ఆ కొసను చూసేవాళ్లు తక్కువ.

'టకటకటక' మని వరుసగా కొట్టుకుంటే కథ ఇంకాస్త తేటగా ఉంటుంది. సోలినాయిడ్ లాగగానే మోటారు కరెంటు గుంజుతుంది. బలం లేని బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది. కడ్డీని పట్టి ఉంచే అయస్కాంతానికి కూడా శక్తి చాలక వదిలేస్తుంది. వదలగానే భారం తగ్గి వోల్టేజి మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఈ పట్టు విడుపులే ఆ చప్పుడు. ఇది దాదాపు ఎప్పుడూ బ్యాటరీ దిగిపోవడమో, టెర్మినల్ వదులవడమో. చేతిలో మీటరు ఉంటే తేలిగ్గా తేలుతుంది. కాసేపు కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 చూపాలి. 12 దగ్గర ఉందంటే మిగిలింది సుమారు పావు వంతే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందికి జారితే దాన్ని చార్జింగ్‌కు పంపాలి. నిండా చార్జి చేశాక కూడా జారితే అప్పుడు కొత్తది కొనండి, అంతకుముందు కాదు. బ్యాటరీ, టెర్మినళ్లు బాగుండి కూడా ఒక్క 'టక్' దగ్గరే ఆగితే సోలినాయిడ్ బిళ్లలు కాలి ఉంటాయి, లేదా మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి. ఆ పని ఆటో ఎలక్ట్రీషియన్‌ది.

మూడో బదులు వేరే లోకం. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ఇక్కడ సెల్ఫ్ మీదే పడి బ్యాటరీ దించుకోవడం తప్ప ప్రయోజనం లేదు. ఒకసారికి పది సెకన్లు దాటి కొట్టకూడదు. మళ్లీ కొట్టేముందు కనీసం అర నిమిషం ఆగాలి, లేకపోతే మోటారు తీగచుట్టలు కాలతాయి. కొట్టేటప్పుడు వెనక్కి కాదు, సైలెన్సరు వైపు చూడాలి.

డీజిల్ ఇంజన్‌లో నిప్పు పెట్టే ప్లగ్గు ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ 1890లలో నిలబెట్టిన సూత్రం అదే. గాలిని దాని పరిమాణంలో పదహారో పదిహేడో వంతుకు ఒక్కసారిగా నొక్కితే, అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం చూసే ఉంటారు, ఇది దాని పెద్దన్న. ఆ కాగిన గాలిలోకి నాజిల్ డీజిల్‌ను మంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. నొక్కడం నిదానంగా జరిగితే వేడి సిలిండరు గోడల్లోకి పారిపోతుంది, గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది. అంటే బలహీనపడ్డ బ్యాటరీ ఇంజన్‌ను తిప్పుతున్నట్టే కనిపిస్తూ, అంటుకునేంత వేడి పుట్టించలేకపోవచ్చు. 'ఊ... ఊ...' అని మూలుగుతూ తిరిగితే మళ్లీ బ్యాటరీ దగ్గరికే పోవాలి.

వేగం బాగుందనుకుందాం. సైలెన్సరు నుంచి తెల్లపొగ వస్తోందా? అయితే డీజిల్ సిలిండరులోకి చేరుతోంది, కాలడం లేదు. నొక్కుడు బలం తగ్గిందో, నాజిల్ సరిగా చిమ్మడం లేదో మెకానిక్ చూడాలి. పొగే లేదా? డీజిలే చేరడం లేదు. ఈ రెండోదానిలో మీరు చేయగలిగింది చాలా ఉంది. ముందు ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ నాబ్ లోపలికి పోయిందా చూడండి. నవ్వకండి, మెకానిక్‌ను ఆళ్లగడ్డ నుంచి పిలిపించాక ఆయన వచ్చి ఆ నాబ్ లోపలికి నొక్కి చేతులు దులుపుకుని పోయిన ఉదంతాలు ప్రతి ఊళ్లో ఉంటాయి. తర్వాత ట్యాంకు కింద ట్యాపు. తర్వాత మూతలోని గాలి రంధ్రం. పడి ఉన్న బండి మీద మట్టి గూడు కట్టే కందిరీగలు ఇలాంటి రంధ్రాలను వదలవు. రంధ్రం మూసుకుంటే ట్యాంకులో డీజిల్ దిగినంత మేర గాలి చేరదు. బండి స్టార్ట్ అయినా కాసేపటికి ఆగిపోతుంది.

వీటి తర్వాత వచ్చేది గాలి పట్టడం (ఎయిర్ లాక్). డీజిల్ పంపు ఒక్కో దెబ్బకు పంపేది చుక్కలో భాగం. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కాబట్టి ఆ చిన్న దెబ్బకే పైపులో ఒత్తిడి లేచి నాజిల్ తెరుచుకుంటుంది. పైపులో గాలి బుడగ ఉంటే దెబ్బంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. గాలి నలుగుతుంది, మళ్లీ విచ్చుకుంటుంది. నాజిల్ తెరుచుకోదు. అందుకే డీజిల్ పూర్తిగా అయిపోయిన బండికి క్యానుతో పోసినంత మాత్రాన స్టార్ట్ కాదు. ఎండకు పగిలిన రబ్బరు గొట్టం గుండా కూడా గాలి దూరుతుంది.

ఎయిర్ తీయడం ఓపిక పని. ఫిల్టరు మీది చిన్న బోల్టు కాస్త వదులు చేసి చేతి పంపు (ప్రైమర్) నొక్కుతూ ఉండాలి. మొదట నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండు ధారగా డీజిల్ వస్తుంది. ధార వస్తుండగానే బోల్టు బిగించాలి. అదే పని మైకో పంపు మీది బోల్టు దగ్గర చేయాలి. కంపెనీ పేరు మారి 2008 నుంచి బాష్ అయింది గాని మన మెకానిక్‌ల నోట అది ఇంకా మైకో పంపే. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడతారు. ఆ దశలో చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపిస్తుంది, ఆపరేషన్ దాకా పోవచ్చు.

కొత్తగా కొన్న పెద్ద బండి అయితే ఈ నట్ల జోలికి అసలు పోవద్దు. 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే పొగ నిబంధన వచ్చింది. దానికోసం చాలా కంపెనీలు కంప్యూటరు చెప్పినట్టు డీజిల్ చిమ్మే పద్ధతికి (సి.ఆర్.డి.ఐ.) మారాయి. అందులో ఒత్తిడి పాత పంపుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ పానా కాదు, స్కానరు కావాలి.

పెట్రోలు మీద నడిచే పవర్ వీడరు, బ్రష్ కట్టరు, మందు కొట్టే పంపు సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. అమెరికా గడ్డికోత బండి కూడా ఈ వంశమే. వీటిలో ప్లగ్గు నిప్పురవ్వ ఇవ్వాలి, కార్బురేటరు పెట్రోలును గాలిలో కలపాలి. నెలలు నిలవున్న పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరులోని వెంట్రుకంత రంధ్రాలను మూసేస్తుంది. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరతాయి, యంత్రం ముందు తాగేది ఆ అడుగునే. పని అయిపోయాక పెట్రోలు వంపేసి, ఉన్నది అయిపోయేదాకా నడిపి దాచితే ఈ బాధ లేదు. డీజిల్ ట్రాక్టరుకు మాత్రం దీనికి తలకిందులు పద్ధతి. ట్యాంకు నిండుగా ఉంచి నిలపాలి. ఖాళీ జాగాలో గాలిలోని తేమ చల్లబడి నీటి చుక్కలుగా మారుతుంది. అవి డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరి పంపును తుప్పు పట్టిస్తాయి.

బండి స్టార్ట్ అయింది. దమ్ము మొదలైంది. సెల్ఫ్ కొట్టడానికి ఎంత చార్జి ఖర్చయిందో ఒక లెక్క. 200 ఆంపియర్లు అయిదు సెకన్లు అంటే ఆంపియర్-గంటలో మూడో వంతు కూడా కాదు. 80 ఆంపియర్-గంటల బ్యాటరీకి అది లెక్కలోనిది కాదు, ఇంజన్ తిరుగుతుండగా ఆల్టర్నేటరు నిమిషంలో పూడ్చేస్తుంది. కానీ వేసవంతా కారిపోయి సగానికి దిగిన బ్యాటరీని ఒక పూట దమ్ము నింపలేదు. దానికి చార్జరు మీద ఎనిమిది, పది గంటలు కావాలి. అందుకే పొద్దున తాడు కట్టి లాగితే నడిచిన బండి, మధ్యాహ్నం సద్ది తినడానికి ఆపితే మళ్లీ 'టక్' అంటుంది. ఆ పూట ఇంజన్ ఆపకుండా మడి ముగించుకోవడం మంచిది. సాయంత్రం ఆపేముందు మీటరు పక్కన ఎర్రటి చార్జింగ్ లైటు ఆరిపోయి ఉందో లేదో చూడాలి. ఆరి ఉంటే బ్యాటరీ ఒక్కటే విప్పి ఆ రాత్రికి చార్జింగ్ పెట్టిస్తే చాలు. వెలుగుతూనే ఉంటే ముందు ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూడండి. అది వదులుగా ఉండి, ఆల్టర్నేటరు పొద్దుటి నుంచీ జారుతూ తిరుగుతూ ఉండవచ్చు.